తాళం సరే... తలుపు సంగతేంటి?

ఊరెళ్లేముందు అందరి ఇళ్లలోనూ ఒకటే తంతు. గ్యాస్ కట్టేశామా, గీజర్ ఆపేశామా, వెనక బాల్కనీ తలుపు వేశామా... అన్నీ చూసుకుని సామాన్లు లిఫ్టు దగ్గర పెట్టాక ఇంటాయన తలుపు దగ్గరికొస్తాడు. గడియ పెడతాడు. గుప్పెడంత తాళంకప్ప వేస్తాడు. ఒకసారి లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతాడు. కప్ప ఊడలేదు. ఇక బెంగలేదనుకుని బయల్దేరతాడు.

నిజానికి లాగి చూడాల్సింది ఆ కప్పని కాదు. అది వేలాడుతున్న గడియని. ఆ గడియని పట్టుకున్న స్క్రూలని. ఆ స్క్రూలు దిగిన చెక్కని. ఎందుకంటే, దొంగ చూసేది వాటినే!

చిక్కడపల్లి, హిమాయత్‌నగర్, అమీర్‌పేట, మారేడుపల్లి... హైదరాబాద్‌లో ఇలాంటి చోట్ల 1980, 90లలో కట్టిన అపార్ట్‌మెంట్లు చాలానే ఉన్నాయి. విజయవాడ, విశాఖల్లోనూ అంతే. వాటిలో ఇళ్లు విశాలంగానే ఉంటాయి. ఈ పాతికేళ్లలో సోఫాలు మారాయి, టీవీలు మారాయి, వంటింటికి కొత్త అల్మరాలొచ్చాయి. గృహప్రవేశం నాడు బిల్డర్ బిగించి ఇచ్చిన నైట్‌లాచ్ మాత్రం చాలా ఇళ్లలో ఇంకా అదే!

కప్ప గట్టిదే కానీ...

1851లో లండన్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. ఎవరూ తెరవలేరని పేరుపడ్డ రెండు తాళాలను ఆ సందర్భంగా ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళంచెవి లేకుండానే తెరిచి చూపించాడు. అందులో బ్రామా కంపెనీ తాళానికైతే రోజుల తరబడి కష్టపడాల్సి వచ్చింది. మన ఇళ్లకొచ్చే దొంగకి అంత నేర్పూ అక్కర్లేదు, అంత ఓపికా ఉండదు. ఒక ఇనుప రాడ్డు చాలు. కప్ప జోలికి పోకుండా, గడియకీ తలుపుకీ మధ్య రాడ్డు దూర్చి ఒక్క ఊపు ఊపుతాడు. అంగుళం స్క్రూలు పాత చెక్కలోంచి పళ్లూడినట్టు ఊడొస్తాయి. కప్ప మాత్రం చెక్కుచెదరకుండా గడియకే వేలాడుతుంది!

పైగా బయట వేలాడే కప్ప ఇంకో పని కూడా చేస్తుంది. ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని మెట్లెక్కే ప్రతివాళ్లకీ చెబుతుంది. తలుపు లోపలే ఉండే తాళమైతే ఆ గొడవ లేదు. ఇంట్లో మనిషి ఉన్నా లేకపోయినా బయటికి ఒకేలా కనిపిస్తుంది.

గడియని తీసేయడం ఇష్టం లేకపోతే కనీసం దాని స్క్రూలు మార్పించండి. తలుపు రెక్కలోంచి ఇవతలికి వచ్చేలా బోల్టులు వేసి, లోపలివైపు నట్లు బిగించమంటే కార్పెంటర్ గంటలో చేసిపెడతాడు. అప్పుడు గడియ ఊడాలంటే చెక్కే పగలాలి.

లాచ్ వేరు... డెడ్‌బోల్ట్ వేరు

నైట్‌లాచ్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. దాని నాలుక ఏటవాలుగా ఉంటుంది. వెనక స్ప్రింగు ఉంటుంది. అందుకే తలుపు లాగితే చాలు, టక్కున పడిపోతుంది. పాలప్యాకెట్ కోసం బయటికొచ్చి, గాలికి తలుపు పడిపోయి, నైటీతోనో లుంగీతోనో మెట్ల మీద కూర్చున్నవాళ్లకి దీని సంగతి బాగా తెలుసు! స్ప్రింగుతో నడిచేదాన్ని వెనక్కి నెట్టడం కూడా తేలికే. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందుంటే, మామూలు లాచ్‌ల నాలుకని పల్చటి రేకుతోనో ప్లాస్టిక్ కార్డుతోనో జరిపేయవచ్చు.

డెడ్‌బోల్ట్‌లో ఆ స్ప్రింగు ఉండదు. చదరంగానో గుండ్రంగానో ఉండే లోహపు కడ్డీ... తాళంచెవి తిప్పితే బయటికొస్తుంది, మళ్లీ తిప్పితేనే లోపలికి పోతుంది. నెడితే కదలదు. అంగుళం దాకా, అంటే సుమారు 25 మిల్లీమీటర్లు బయటికొచ్చే కడ్డీ అయితే మంచిది. అర అంగుళం కడ్డీ అయితే, రాడ్డుతో ద్వారబంధాన్ని కాస్త పక్కకి వంచినా జారిపోవచ్చు.

అయితే ఎంత ఖరీదైన డెడ్‌బోల్ట్ కొన్నా, దాని బలమంతా కడ్డీ దూరే అవతలి పట్టీలో ఉంటుంది. ద్వారబంధానికి బిగించే ఆ పట్టీని పొట్టి స్క్రూలతో సరిపెడితే ఒక్క తన్నుకే ఊడిపోతుంది. రెండున్నర, మూడంగుళాల స్క్రూలైతే చెక్క లోతుకి దిగుతాయి. బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూడాల్సింది దీన్నే.

ముందు తలుపుని చూడండి

కొత్త తాళం కొనడానికి వెళ్లేముందు టేపు పట్టుకుని రెక్క మందం కొలవండి. ఫ్లష్ డోర్లు సాధారణంగా 25, 30, 35 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి. రెక్క అంచులో గాడి తవ్వి లోపల అమర్చే మార్టిస్ తాళాలు చూడ్డానికి అందంగా ఉంటాయి. కానీ పల్చటి రెక్కలో అంత గాడి తవ్వితే తాళం ఉన్నచోటే తలుపు బలహీనమైపోతుంది. అలాంటివాటికి లోపలివైపు పైనే బిగించే రిమ్ తాళం నయం. ఇందులోనూ డెడ్‌బోల్ట్ రకాలున్నాయి. ఒకేసారి మూడు కడ్డీలు బయటికొచ్చేవీ దొరుకుతాయి.

ఆ తర్వాత ద్వారబంధం. స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడా గుచ్చి చూడండి. మెత్తగా దిగిపోతే లోపల చెదపట్టినట్టే. ముందు దాన్ని బాగుచేయించాకే తాళం మాట. బందుల స్క్రూలు వదులైతే రెక్క కిందికి వాలి, కడ్డీ సగం దాకానే దూరుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బినా ఇదే తంటా. తాళంచెవి పూర్తిగా తిరక్కపోతే ‘తాళం పాడైంది’ అనేస్తాం. చాలాసార్లు తప్పు తలుపుది! తాళం బిగుసుకుందని కొబ్బరినూనె పోసేవాళ్లూ ఉన్నారు. నూనెకి దుమ్ము అంటుకుని కొన్నాళ్లకి ఇంకా బిగుసుకుపోతుంది. కాస్త గ్రాఫైట్ పొడి వేస్తే సరి.

చెవులెన్ని? ఎవరి దగ్గర?

ఇప్పుడు వాడే తాళాల్లో చాలావాటి పనితీరు ఒకటే. లోపల చిన్న పిన్నుల వరుస ఉంటుంది. తాళంచెవి పళ్లు ఆ పిన్నులన్నింటినీ సరిగ్గా ఒకే మట్టానికి లేపితేనే సిలిండర్ తిరుగుతుంది. అమెరికాకి చెందిన లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంట్లు పొందిన పద్ధతి ఇది. మన దేశంలో అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టాడు. ఇక అలీగఢ్ పేరు చెబితే గుర్తొచ్చేవి తాళాలే. తమిళనాడులోని దిండిగల్ తాళాలకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇంత చరిత్ర ఉన్న తాళమైనా, దాని చెవి నలుగురి చేతుల్లో ఉంటే ఏం లాభం? పాత ఫ్లాట్ కొన్నవాళ్లని, అద్దెకి దిగినవాళ్లని అడిగి చూడండి. ఓనరు ఇచ్చిన రెండు చెవులూ తీసుకుని ఊరుకుంటారు. అంతకుముందు ఉన్న నాలుగు కుటుంబాలూ ఎన్ని డూప్లికేట్లు చేయించుకున్నాయో ఎవరికెరుక! ఇల్లు మారినప్పుడు తాళం మార్చడం ఎవరినీ అనుమానించడం కాదు, జాగ్రత్త పడటం.

మొత్తం తాళం మార్చక్కర్లేదు కూడా. మార్టిస్ తాళాల్లో చాలావాటికి సిలిండర్ ఒక్కటే మార్చుకోవచ్చు. రెక్క అంచున ఉన్న పొడవాటి స్క్రూ తీసి, చెవి పెట్టి కాస్త తిప్పితే పాతది బయటికొస్తుంది. దాన్నే షాపుకి పట్టుకెళ్లి అదే కొలత తెచ్చుకోవాలి. పొడవెక్కువైన సిలిండర్ తలుపు బయటికి పొడుచుకొస్తే, పటకారుతో పట్టి విరిచేందుకు దొంగకి మనమే పిడి ఇచ్చినట్టు. అద్దె ఇల్లయితే ఓనరుకి చెప్పి మార్పించండి. పాత సిలిండర్ దాచి ఉంచితే ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించి ఇచ్చేయొచ్చు.

లోపలున్నవాళ్ల మాటేమిటి?

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. ఫ్లాట్‌లో అమ్మానాన్నలిద్దరే, ఒక్కోచోట ఒక్కరే. భయంకొద్దీ రాత్రిపూట తాళం వేసి, పైన గడియ పెట్టి, కింద గడియ పెట్టి, బయటి గ్రిల్ తలుపుకి లోపల్నుంచి కప్ప కూడా వేసుకుంటారు. దొంగ రాలేడు, నిజమే. కానీ పెద్దాయన బాత్రూంలో జారిపడితే పక్కింటివాళ్లూ రాలేరు! చేతిలో డూప్లికేట్ చెవి ఉన్నా, లోపలి గడియని అది తీయలేదు. ఇక తలుపు పగలగొట్టాల్సిందే. గట్టి తలుపైతే దానికీ సమయం పడుతుంది.

అందుకే పెద్దవాళ్లున్న ఇంట్లో నాలుగు గడియలకన్నా బయటి నుంచి చెవితో తెరవగలిగే ఒక్క మంచి డెడ్‌బోల్ట్ మేలు. చెవి ఒకటి నమ్మకమైన పొరుగింట్లో ఉంచాలి. కొన్ని సిలిండర్లకి లోపల చెవి వదిలేస్తే, బయట మరో చెవి పనిచేయదు. కొనేటప్పుడే ఆ సంగతి అడగండి. లోపలివైపు చెవికి బదులు చేత్తో తిప్పే నాబ్ ఉన్నదైతే ఇంకా మంచిది. పొగ కమ్మేసిన చీకట్లో చెవి కోసం వెతుక్కునే పనుండదు. కాకపోతే తలుపుకి అద్దం ఉన్నా, చెయ్యి దూరేంత కిటికీ పక్కనే ఉన్నా నాబ్ పనికిరాదు. అక్కడ రెండువైపులా చెవి ఉన్నదే పెట్టి, లోపలి చెవిని బయటివాళ్ల చేతికందని ఒకే చోట వేలాడదీయాలి. అది ఇంట్లో అందరికీ తెలియాలి.

కొత్త తాళం బిగించిన రోజు రాత్రి ఒక చిన్న పరీక్ష పెట్టండి. లైట్లన్నీ ఆపేసి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని వచ్చి తలుపు తీయమనండి. తర్వాత తలుపు తీయగల వయసున్న పిల్లల్ని. ఇద్దరూ తడుముకోకుండా తీశారా? అయితే సరైన తాళమే కొన్నారు. ఇక పండక్కి ఊరెళ్లేటప్పుడు పోలీస్ స్టేషన్లో ఒక మాట చెప్పి, పక్కింటివాళ్లకి చెవి ఇచ్చి, నిశ్చింతగా బండెక్కండి. రెండోసారి వెనక్కొచ్చి లాగి చూడక్కర్లేదు!