అంకెలకు కదలిక వచ్చింది!

చంద్రుడు ఎప్పుడూ మనకు ఒకే ముఖం చూపిస్తాడు. మనిషి చేసిన ఉపగ్రహం కూడా అలా చూపగలదా? 1960 తరువాత అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాల ఇంజనీర్లకు ఈ ప్రశ్న ముఖ్యమయింది. 1962 జూలైలో ఎగిరిన వారి టెల్‌స్టార్ బొంగరంలా తిరుగుతూ పోయేది. అలా కాక ఒక ముఖం సదా భూమివైపే వుంటే, ఏరియల్ శక్తినంతా ఇటే గురిపెట్టవచ్చు.

భూమి ఆకర్షణ దగ్గరి కొసను కాస్త ఎక్కువగా, దూరపు కొసను కాస్త తక్కువగా లాగుతుంది. అందుచేత పొడవైన వస్తువు భూమివైపు నిటారుగా నిలవజూస్తుంది. కాని వదిలేసిన ఉయ్యాలలా వూగుతూ వుంటుంది; గాలి అడ్డులేని చోట ఆ వూపు త్వరగా ఆగదు. లోపల రెండు గైరోస్కోపులు, అంటే వేగంగా తిరిగే చక్రాలు, అమర్చి దాన్ని అణచవచ్చునా? ఎడ్వర్డ్ జాజాక్ పరిశీలించిన సమస్య ఇదే.

పైకి పంపి చూడడం ఎంతో ఖర్చుతో కూడిన పని. అందుకని చిల్లుల కార్డుల ద్వారా లెక్కను కంప్యూటరుకు ఇచ్చారు. ఉపగ్రహం ఏ క్షణాన ఎటు తిరిగి వుంటుందో అది గణించింది. అయితే వచ్చినవి వట్టి అంకెలు! ఒక్కొక్క కోణం ఎంత మారిందో అవి చెబుతాయి గాని, అన్నీ కలిసిన కదలిక మనసుకు పట్టదు.

1963లో జాజాక్ ఆ అంకెలనే బొమ్మలుగా మార్చాడు. సహోద్యోగి ఫ్రాంక్ సిండెన్ రాసిన ప్రోగ్రాం అందుకు తోడ్పడింది. టెలివిజన్ గాజువంటి తెరపై గీతలు పడుతుంటే, కెమెరా ఒక్కొక్క బొమ్మనే ఫిల్ముకెక్కించింది. చిత్రకారుడి చేయి తగలనే లేదు. ఫిల్ము ఆడిస్తే, భూగోళం చుట్టూ తిరిగే పెట్టె ఎటు వొరుగుతున్నదీ, ఎలా సర్దుకుంటున్నదీ కళ్లకు కట్టింది.

అయితే బొమ్మ కదిలినంత మాత్రాన నిజం కాదు. లెక్కలో తప్పుంటే పెట్టె అంత అందంగానూ అబద్ధమాడుతుంది.

తుపాను రోజుల్లో మన కోస్తా ఇళ్లలో టీవీ తెరపై కదిలే బొమ్మలు కూడా ఈ జాతివే. గాలి, తేమ, పీడనాల లెక్కలే అక్కడ చిత్రాలవుతాయి. వాతావరణ శాఖ పటంలో తుపాను దారికి ఇరుపక్కలా పోనుపోను వెడల్పయ్యే పట్టీని గమనించారా? రోజులు ముందుకు పోయినకొద్దీ సందేహం పెరుగుతుందని దాని అర్థం. నడిమి గీత మీద మన వూరు లేదు గదా అని నిశ్చింతగా పడుకోరాదు. లెక్కతోపాటు సందేహాన్ని కూడా గీసి చూపే బొమ్మే నమ్మదగిన బొమ్మ.