కొయ్యజోడు గుర్తు: ఒక జర్మను పల్లె ఫుట్‌బాల్ సంఘము

జర్మనీ దేశపు దక్షిణభాగమున, బవేరియా రాష్ట్రములోని ఫ్రాంకోనియా సీమయందు ఫెస్టెన్‌బర్గ్స్‌గ్రోయిత్ అను చిన్న ఊరు కలదు. ఈ పేరు పలుకుట మనకు కొంత కష్టమే కాని, దాని అర్థము తెలిసినచో ఊరు అంత పరాయిదిగా తోచదు. ఆ సీమలో 'గ్రోయిత్' అని ముగియు ఊరిపేర్లు అడవి నరికి సాగులోనికి తెచ్చిన నేలను సూచించును. చుట్టునున్న పల్లెలను కలుపుకొన్నను అచ్చటి జనసంఖ్య సుమారు 1,500 మాత్రమే. మూలికలను ఎండబెట్టి, పొడిచేసి, తేనీటికి వలె కాచుకొని త్రాగుటకు సిద్ధపరచి అమ్ము వ్యాపారము ఆ ఊరికి పేరు తెచ్చినది.

ఇట్టి ఊరిపేరు 1994వ సంవత్సరము ఆగస్టు 14వ తేదీన జర్మనీ అంతట మారుమ్రోగెను. దానికి కారణము ఒక ఫుట్‌బాల్ ఆట. ఆనాటి గెలుపును జ్ఞాపకముంచుకొన్నవారు పెక్కురు కలరు. ఆ గెలిచిన సంఘము ఎట్లు పుట్టినది, పిదప ఏమైనది అని అడుగువారు మాత్రము అరుదు. ఆట ఫలితముకంటె ఈ ప్రశ్నయే మనకు ఎక్కువ విషయము తెలుపగలదు.

జర్మనీలో ఆటల క్లబ్బు అనగా ధనికులు సాయంకాలము కాలక్షేపము చేయు భవనము కాదు. అది చట్టమునందు నమోదైన ప్రజాసంఘము. 1900వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి అమలులోనున్న జర్మను పౌరస్మృతి ప్రకారము సంఘమును నమోదు చేయవలెనన్న కనీసము ఏడుగురు సభ్యులుండవలెను. నియమావళి వ్రాసికొనవలెను. సభ్యులు సమావేశమై కార్యవర్గమును ఎన్నుకొందురు. చిన్న ఊళ్లలో ఆ కార్యవర్గమునకు జీతములుండవు. మైదానమున సున్నపు గీతలు గీయువారు, పిల్లలకు ఆట నేర్పువారు, ద్వారమువద్ద టిక్కెట్లు చింపువారు, అందరును ఆ ఊరివారే. తండ్రి ఆడిన జట్టులో కొడుకు ఆడును; ఆడలేని వయసు వచ్చినపుడు తండ్రి లెక్కలు వ్రాయును.

ఇట్టి సంఘములన్నియు ఒకే నిచ్చెనలోని మెట్లపై నిలిచియుండును. అడుగు మెట్టున ఇరుగుపొరుగు పల్లెల జట్లు తమలో తాము ఆడును. అందు మొదట నిలిచినది మరుసటి సంవత్సరము పై మెట్టునకు ఎక్కును. చివర నిలిచినది క్రిందికి దిగును. అన్నిటికంటె పైనున్న మెట్టు బుండెస్‌లీగ. ఇది 1963లో 16 జట్లతో ఆరంభమైనది. నియమము ననుసరించి చూచినచో ఏ పల్లెకును పై మెట్టు మూసివేయబడలేదు. కాని మెట్టు పెరిగినకొలది ప్రయాణవ్యయము, మైదానపు హంగులు, ఆటగాండ్రకు ఇయ్యవలసిన సొమ్ము పెరుగుచుపోవును.

మన కథలోని సంఘము 1974లో పుట్టెను. నూరేండ్లు దాటిన సంఘములు పెక్కు గల ఆ దేశమున అది పసిబిడ్డయే. వ్యాయామ క్రీడా సంఘము అను అర్థమిచ్చు మూడక్షరములను ఊరిపేరునకు ముందుంచి, 'టి.ఎస్.వి. ఫెస్టెన్‌బర్గ్స్‌గ్రోయిత్' అని దానికి నామకరణము చేసిరి. కొయ్యజోడును చిహ్నముగా గ్రహించిరి. పూర్వము బురదనేలలో పనిచేయు రైతులు తొడుగుకొను పాదరక్ష అది. అడుగు మెట్టున మొదలిడిన ఈ జట్టు 1987 నాటికి బవేరియా రాష్ట్రపు అగ్రశ్రేణి పోటీలో అడుగిడెను. ఇందు ఆటగాండ్ర పట్టుదల ఎంత కలదో, మూలికల వ్యాపారసంస్థ యొక్క అండయు, ఆ సంస్థలో పనిచేయుచు సంఘమును నడపిన హెల్ముట్ హాక్ యొక్క దీక్షయు అంత కలవు. ఒక్క ఊరి పిల్లలతోడనే ఇంత ఎత్తు ఎక్కుట సాధ్యము కాదను సంగతిని దాచనక్కరలేదు.

జర్మనీలో ఈ నిచ్చెనతో నిమిత్తము లేని మరియొక పోటీ కలదు. దానికి జర్మను కప్పు అని పేరు. ఇది 1935లో మొదలైనది. ఇందు పెద్ద జట్లును చిన్న జట్లును చీట్లు తీసి ఒకదానితో నొకటి ఆడును. ఓడిన జట్టు అంతటితో వెడలిపోవలెను. కావున ఒక్కనాటి ఆటలో చిన్నవాడు పెద్దవానిని పడగొట్టు అవకాశము ఇచ్చట కలదు. 1994లో మొదటి చుట్టునందు ఈ పల్లెజట్టునకు ఎదురైనది మ్యూనిక్ నగరపు బయ్యర్న్ జట్టు. అది ఆ సంవత్సరమే బుండెస్‌లీగ విజేతయై యుండెను. ఇటలీ దేశపు సుప్రసిద్ధ శిక్షకుడు జొవాన్ని త్రపత్తోని ఆ వేసవియందే దాని బాధ్యత స్వీకరించియుండెను. ఊరి మైదానము వచ్చు జనమునకు చాలదు గనుక ఆటను న్యూరెంబర్గు నగర క్రీడాప్రాంగణమున ఏర్పాటు చేసిరి. ఇరువది వేలకు పైగా ప్రేక్షకులు చేరిరి. ఊరి జనమంతయు కదలివచ్చినను ఆ ప్రాంగణమున ఒక మూలకైనను చాలరు.

మొదటి సగము ముగియకమునుపే రోలండ్ స్టైన్ అను ఆటగాడు గోలు చేసెను. రెండవ సగమంతయు పల్లెజట్టు ఆ ఒక్క గోలును కాపాడుకొనెను. ఆట 1-0గా ముగిసెను. విజేతలైన బయ్యర్న్‌వారు తొలిచుట్టులోనే ఇంటికి మరలిరి.

ఇంతటితో కథ ముగిసినచో కమ్మనైన నీతికథ యగును. కాని నిజము అచ్చట ఆగలేదు. ఆ గెలుపువలన ఊరి జనసంఖ్య పెరుగలేదు, మైదానము వెడల్పు కాలేదు. కప్పు పోటీలో గెలుచుటకు ఒక మంచి దినము చాలును. నిచ్చెన ఎక్కుటకు ప్రతి వారమును మంచి దినమే కావలెను. అప్పటికి దక్షిణ ప్రాంతీయ శ్రేణిలో, అనగా పైనుండి మూడవ మెట్టున, ఈ జట్టు నిలిచియుండెను. అదే శ్రేణిలో సమీప నగరమైన ఫ్యుర్ట్ యొక్క జట్టును ఆడుచుండెను. 1903లో పుట్టిన ఆ నగరసంఘము 1914, 1926, 1929 సంవత్సరములలో జర్మనీ విజేతగా నిలిచినది. పిమ్మట క్రమముగా క్షీణించి ఆర్థికమైన ఇక్కట్లలో పడినది. నగరమునకు చరిత్రయు, ప్రేక్షకులును, ప్రాంగణమును కలవు. పల్లెకు క్రమశిక్షణయు, ధనసహాయమును కలవు. ఒకరికి లేనిది మరియొకరియొద్ద నున్నది.

1996లో ఇరువురును కలిసిరి. పల్లెజట్టు ఫుట్‌బాల్ విభాగము నగరసంఘమున చేరెను. కొత్త సంఘమునకు 'గ్రోయిటర్ ఫ్యుర్ట్' అను పేరు నిలిచెను. ఫ్యుర్ట్ వారి మూడాకుల చిహ్నముతోపాటు పల్లెవారి కొయ్యజోడును నూతన ముద్రలో చోటుచేసికొనెను. హెల్ముట్ హాక్ దానికి అధ్యక్షుడయ్యెను. మరుసటి సంవత్సరమే, 1997లో, ఆ జట్టు రెండవ శ్రేణికి ఎక్కెను. 2012లో బుండెస్‌లీగ చేరెను. ఆ తొలి సంవత్సరమున స్వంత మైదానములో ఒక్క ఆటయైనను గెలువక క్రిందికి దిగెను. 2021లో మరల ఎక్కి, 2022లో మరల దిగెను.

పల్లె ఒంటరిగా నున్నచో ఈ ఎత్తు చూచియుండెడిది కాదు. దీనికి ప్రతిగా అది తన జట్టునే ఇచ్చివేసెను. 2017లో సంఘము తన ముద్రను మార్చుకొన్నపుడు కొయ్యజోడు తొలగిపోయి మూడాకులు మాత్రమే మిగిలినవి. నగరవాసులకు తమ పాత చిహ్నము తిరిగి దక్కిన సంతోషము కలుగుట సహజము. పల్లెవారికి ఏమి తోచియుండునో మనము ఊహింపవచ్చును.

ఇది లాభమా నష్టమా అని ఒక్కమాటలో తీర్పు చెప్పుట కష్టము. సంఘము ఎక్కిన మెట్టునుబట్టి చూచినచో లాభమే. ఆదివారము మధ్యాహ్నము తన వీధి కుర్రవాని ఆటను కంచెనానుకొని చూచు వృద్ధుని దృష్టితో చూచినచో నష్టమే. ఆటల సంఘమును స్థాపించుటకు ఏడుగురు చాలునని జర్మను చట్టము చెప్పుచున్నది. దానిని ఎంత పెద్దది చేయవలెను, ఎచ్చట ఆగవలెను అను సంగతి మాత్రము చట్టము చెప్పదు. దానిని ఆ ఏడుగురును, వారి పిల్లలును నిర్ణయించుకొనవలసియున్నది. ఇప్పటికిని సంఘపు పేరులో 'గ్రోయిటర్' అను మాట నిలిచియున్నది. అడవి నరికి సాగుచేసిన ఆ చిన్న ఊరు ఒకనాడు విజేతలను ఓడించెనని జ్ఞాపకము చేయుటకు ముద్రలోని కొయ్యజోడు పోయినను ఆ ఒక్క మాట మిగిలినది.