చీర కట్టిన నవ్వు

నాచారం పేరు చెబితే ఉప్పల్ చుట్టుపక్కల పెద్దవారికి గుర్తుకు వచ్చేవాటిలో ఒకటి నందమూరి తారక రామారావుగారి రామకృష్ణా స్టూడియో. రాముడుగా, కృష్ణుడుగా తెలుగువారి ఇళ్ళల్లో పటాలకెక్కిన ఆ నటుడు, విజయవాడ కళాశాలలో చదివే రోజుల్లో రంగమెక్కింది మాత్రం ఆడవేషంతో! విశ్వనాథ సత్యనారాయణగారి ప్రోద్బలంతో "రాచమల్లుని దౌత్యం" నాటకంలో నాగమ్మ పాత్రకు ఒప్పుకున్నారు గాని, మీసం తీయడానికి ససేమిరా అన్నారట. దానితో తోటి విద్యార్థులు ఆయనకు "మీసాల నాగమ్మ" అని బిరుదిచ్చారు.

మగవాడు చీర కడితే మనకు నవ్వు వస్తుంది. ఎందుకు వస్తుంది? ఎవరిని చూసి వస్తుంది? చూడబోతే చిన్న ప్రశ్నే. కాని పంతొమ్మిదవ శతాబ్దం చివరి పాతికేళ్ళలో మన నాటకం దీనికి చెప్పిన జవాబు మాత్రం చిన్నది కాదు.

ఆ కాలంలోనే లండన్‌లో "బర్లెస్క్" అనే వెక్కిరింపు సంగీత నాటకాలకు జనం విరగబడేవారు. గొప్ప పురాణగాథనో, పేరుమోసిన నాటకాన్నో తీసుకుని, పాటలు కట్టి, తలకిందులు చేసి నవ్వించడం దాని పద్ధతి. అక్కడి విశేషమేమిటంటే మగవేషాలు ఆడవారు వేయడం. గెయిటీ థియేటరులో నెల్లీ ఫారెన్ కుర్రవాడి వేషాలకు పెట్టింది పేరు. లిడియా థాంప్సన్ తన బృందాన్ని 1868లో న్యూయార్కు తీసుకువెళ్ళి ఆ నగరాన్ని ఒక ఊపు వూపింది. అక్కడ ఆడవారు లాగులు తొడిగితే, ఇక్కడ మగవారు చీరలు కట్టారు.

మనకు ఈ విద్య కొత్త కాదు. పట్టపగలు వీధుల్లో తిరిగే పగటివేషాల వారిలో సోమయాజులు, సోమిదేవమ్మల జంట వేషం ఒకటి. సోమిదేవమ్మ చీరలో వున్నది మగవాడే. ఊళ్ళో పెద్దల ఆచార వ్యవహారాలను ఆ పెద్దల వీధి అరుగుల ముందే వెక్కిరించి, వారి చేతనే సంభావన పుచ్చుకుని పోయేవారు! తోలుబొమ్మలాటలో అయితే రామాయణం మంచి పట్టులో వుండగా కేతిగాడు, బంగారక్క అడ్డంపడి, పాటలతో, ఎకసెక్కాలతో పందిరి అదరగొట్టేవారు.

అటువంటి బొమ్మలాట కుటుంబమే వనారస వారిది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్ళి సందర్భంగా వారు బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి "కీచకవధ" ఆడారు. సురభి నాటకానికి అదే పుట్టుక. ఆ కథ గుర్తున్నది గదా! సైరంధ్రి వస్తుందని ఆశపడి చీకట్లో చెయ్యి వేసిన కీచకుడికి దొరికినది భీముడు. జనం నోట నలిగిన కథలో ఆ భీముడు చీర కట్టుకునే వుంటాడు. ఇక్కడ నవ్వు చీర కట్టినవాడి మీద కాదు సుమా! చీర కనిపిస్తే చాలు, చెయ్యి చాచినవాడి మీద.

సరిగ్గా ఈ కీలకాన్నే గురజాడ అప్పారావుగారు పట్టుకున్నారు. అంతకుముందే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు ప్రహసనాలతో దారి వేసి వున్నారు. 1880లో, ధార్వాడ నాటక సమాజం వారు విడిచి వెళ్ళిన పాకలోనే తన విద్యార్థుల చేత ఆయన నాటకాలాడించారు. నవ్వించాలంటే ఇంట్లో మాట్లాడే తెలుగు కావాలని ఆ ప్రహసనాలు నేర్పాయి. ఇక 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు "కన్యాశుల్కం" ప్రదర్శించారు.

ఆ నాటకం వెనుక ఒక పట్టిక వున్నది. ఆనందగజపతి మహారాజుగారి ఆజ్ఞపై విశాఖపట్నం జిల్లాలో సొమ్ముకు ఆడపిల్లలను ఇచ్చిన బ్రాహ్మణ వివాహాల లెక్క తీశారు. తేలినవి 1,034. పెళ్ళినాటికి అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వారు 44, మూడేళ్ళ వారు 36, రెండేళ్ళ వారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు! ఆ పసికందులకు పలికిన వెల 350 నుంచి 400 రూపాయలు. సొమ్ము పుచ్చుకున్నామని ఒప్పుకోని వారు ఈ లెక్కకు రానేలేదు.

ఈ లెక్క చదివి ఎవరికైనా ఏడుపు రావాలి. గురజాడవారు నవ్వించారు. ముసలి లుబ్ధావధాన్లకు తన మేనకోడలు పడకుండా చేయడానికి కరటకశాస్త్రి ఒక ఎత్తు వేస్తాడు. శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, వాణ్ణే అవధాన్లకు అమ్ముతాడు. కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడు. ఊరు నవ్విన విద్యే పిల్ల మెడకు పడబోయే తాడును తప్పించింది.

ఇందులో ఇంకో చమత్కారం వున్నది. ఆనాటి సమాజాల్లో ఆడవేషాలన్నీ మగవారివే. మధురవాణి చీరలో వున్నవాణ్ణి ఆడదిగా నమ్మి కూర్చున్న ప్రేక్షకులు, మహేశాన్ని ఆడపిల్లగా నమ్మిన అవధాన్లను చూసి నవ్వారు. 1909లో పెంచి రాసిన ప్రతిలో ఆ మధురవాణి కూడా మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులుగారింటికి వెళుతుంది. మగనటుడు ఆడదై, ఆ ఆడది మళ్ళీ మగవాడై! లండన్ వారి విద్య, మన విద్య ఒకే పాత్రలో కలిసిపోయాయి. అయితే ఈ వేషాలన్నిటి నడుమ లోకం పోకడ సూటిగా తెలిసిన మనిషి సంఘం వెలివేసిన వేశ్య కావడం గురజాడవారి గుండెధైర్యం.

తరువాత స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే ఎవరూ నవ్వలేదు, ముగ్ధులయ్యారు. సురభి వారి రంగం మీద స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించారు. మీసాల నాగమ్మగారు 1955లో వెండితెర గిరీశం, 1963లో "నర్తనశాల"లో బృహన్నల అయ్యారు.

ఆడవేషం హాస్యానికి నేటికీ కరువు లేదు. మా కళాశాల వార్షికోత్సవాల్లోనూ, టెలివిజనులోనూ కుర్రవాడు చీర కట్టి నడిస్తే ఈలలు మోగుతాయి. పిల్లలు నవ్వుకోవద్దని నేననను. నవ్వు ఆగిన తరువాత ఒక్క మాట అడుగుతాను: "ఇప్పుడు మీరు నవ్వింది ఎవరిని చూసి? చీరనా, దాన్ని కొనవచ్చిన అవధాన్లనా?" చీరను చూసి నవ్వితే ఆ నవ్వు మన ఇంట్లో అమ్మకూ, అక్కకూ తగులుతుంది. అవధాన్లను చూసి నవ్వితే ఏడాది పసికందు ఒకతె ఉయ్యాలలో నిశ్చింతగా నిద్రపోతుంది.