తేలు విషమును, దేహమందలి తూములును



వరిమోపు లెత్తునపుడును, రాత్రివేళ మోటారు వేయబోవునపుడును తేలు కుట్టుట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో నెఱుగనివారు లేరు. “మంత్రము వేయించితిమి, విషము దిగినది” అనువారిని మేము గ్రామములలో పెక్కుమందిని చూచితిమి. ఆ నమ్మకమున నున్న ప్రమాదము తెలియవలెనన్న, విషము దేహములో నెచ్చట పనిచేయునో ముందుగా గ్రహింపవలెను.

చెరువునకు తూము లున్నట్లు, దేహమందలి ప్రతి జీవకణపు పొరకును అతి సూక్ష్మములగు ద్వారములు కలవు. వీనినే అయాన్ ఛానెళ్లందురు. సోడియము, పొటాసియము, కాల్షియము విద్యుదావేశముతో గూడి వీనిగుండ లోనికిని వెలికిని పోవుచుండును.

ఎఱ్ఱతేలు విషము నరములందలి సోడియపు తూములను సకాలమున మూతపడనీయదు. అందుచే నరము లెడతెగక ప్రేరితములగును. చెమట, చొల్లు, కాలుసేతులు చల్లబడుట, రక్తపుపోటు హెచ్చుట కలుగును. తుదకు గుండె నీరసించి ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. పెద్ద నల్లతేలుకంటె చిన్న ఎఱ్ఱతేలే ప్రాణాపాయకరము. పిల్లలకు మఱియు నెక్కువ. మహారాష్ట్రమందలి మహాడ్‌లో డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ గారు ప్రాజోసిన్ అను మందు నిచ్చి, యిట్టి రోగులను పలువురను బ్రతికించిరి. ఆయన 1986లో లాన్సెట్ పత్రికలో ఈ చికిత్సను ప్రకటించిరి. 2022లో పద్మశ్రీ పొందిరి.

ఇట్టి తూములే రోగములతో పోరాడు తెల్లకణములకును కలవు. వానిలో టీ-కణములు శత్రువును గుర్తించినంతనే కాల్షియపు తూములు తెఱచుకొనును. లోనికి వచ్చిన కాల్షియము పోరాటమున కాజ్ఞ యిచ్చును. వాపు, ఎఱుపు, వేడిమి దాని ఫలములే. కాని మత్తడి పాఱనిదే నిండిన చెరువులోనికి క్రొత్తనీరు రానట్లు, పొటాసియము వెలికి పోనిదే కాల్షియము తెఱపిలేకుండ లోనికి రాజాలదు. టీ-కణములందలి ఈ పొటాసియపు తూమును 1984లో కనుగొనిరి. కొన్ని తేళ్ల విషములలోని ఒకానొక పదార్థము దానిని మూసి, కణముల పోరును మందగింపజేయునని తరువాత తేలినది. కీళ్లవాతమువంటి వ్యాధులలో ఈ సైన్యము సొంత దేహముపైననే తిరుగబడును గనుక, ఆ తూమును కట్టు మందులకై పరిశోధనలు జరుగుచున్నవి. అయినను తేలు కుట్టిన వాతము పోవునని యెవ్వరును భ్రమపడరాదు. వేఱుచేసి, కొలిచి యిచ్చు ఒక పదార్థము వేఱు. కొండెములోని విషమంతయు వేఱు.

ఇక మంత్రము ఫలించినట్లేల తోచును? పెక్కు కాట్లు తమంతట తామే శాంతించును గనుక. నొప్పి తగ్గుట అపాయము తొలగుటకు గుర్తు కాదు. కావున కాటును కోయక, బిగించి కట్టక, రోగిని నడిపింపక, వెంటనే 108 వాహనమున ప్రభుత్వ వైద్యశాలకు చేర్పుడు. దీపము లేక చీకటిలో చేనికి పోకుడు. చెప్పులు దులిపి తొడుగుడు. మంత్రగాని యింట గడచిన గంట తిరిగిరాదు.