మాతృత్వము - ఛాయాచిత్రసాక్ష్యము
(వేంసూరు సీమయందలి పరిశోధకులకు కొన్ని సూచనలు)

మాతృత్వము సర్వజనసామాన్యమే యైనను తల్లి బిడ్డ నెత్తుకొను తీరు, నీళ్లుపోయు తీరు, ఊరడించు తీరు జాతిజాతికిని వేఱు. ఈ భేదములను ఛాయాచిత్రములతోను చలనచిత్రములతోను నమోదుచేయు శాఖకు దృశ్యమానవశాస్త్రమని పేరు. వేంసూరు మొదలుకొని భద్రాచలారణ్యము వఱకు గల సీమలో శిశుపోషణసంప్రదాయములను పరిశీలింపగోరువారికి ఈ శాఖాచరిత్ర ఎట్లుపకరించునో ఇందు వివరింతుము.

ఈ మార్గమున ప్రథమగణ్యురాలు అమెరికా దేశీయురాలగు మార్గరెట్ మీడ్ (1901-1978). ఈమె 1936-38 సంవత్సరములలో భర్త గ్రెగరీ బేట్సన్‌తో గూడి బాలిద్వీపమున పనిచేసినది. ఆయన చిత్రములు తీయుచుండ, ఈమె వేళ గుర్తించుచు జరిగినదానిని వ్రాసికొనెడిది. అట్లు లభించిన సుమారు 25,000 ఛాయాచిత్రములనుండి ఏర్చిన 759 చిత్రములతో 1942లో 'బాలినీస్ క్యారెక్టర్' వెలువడినది. బాలి, న్యూగినీ, అమెరికా తల్లులు బిడ్డలకు నీళ్లుపోయు రీతులను పోల్చి చూపు చలనచిత్రము గూడ వీరి కృషిఫలమే.

బాలి తల్లి పరుల శిశువు నెత్తుకొని తన బిడ్డకు అసూయ పుట్టించుననియు, బిడ్డ చలించినంతనే తాను ఉదాసీన యగుననియు, అందుచేతనే ఆ జనులు పెద్దవారై భావములను లోలోన అణచుకొందురనియు వీరి సిద్ధాంతము. 1992లో బాలి దేశీయురాలగు మానసికవైద్యురాలు లూ కెతుత్ సూర్యాని, గోర్డన్ జెన్‌సెన్ అను పండితునితో గలిసి దీనిని ఖండించినది. దీనివలన తేలునదేమి? పటము చేష్టను చూపును; దాని భావమును చెప్పదు. భావము నెఱుగుటకు ఆ తల్లినే అడుగవలెను.

మన సీమకు వత్తము. వియన్నాలో జన్మించిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909-1995) రెండవ ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు రాజ్యమున చెంచులను, కొండరెడ్లను, గోండులను పరిశీలించి, వారి జీవనమును ఛాయాచిత్రములలో నిలిపెను. కొండరెడ్లపై ఆయన గ్రంథము 1945లో వెలువడినది. ఈ కృషిలో ఆయనకు తోడైన భార్య బెట్టీ 1987లో మరణింపగా, ఆదిలాబాదు సీమలోని మార్లవాయిలో ఆమె సమాధి వెలసినది.

బాలి చలనచిత్రములు మూకములు. అందలి వ్యాఖ్యానము మీడ్‌దే గాని తల్లులది కాదు. తెలుగు శాఖవారు పూరింపవలసిన లోటు ఇదియే. తెలుగునాట ముసలమ్మ పీటపై కూర్చుండి, కాళ్లు చాచి, బిడ్డను వానిపై పరుండబెట్టి నలుగుపెట్టి నీళ్లుపోయుటను యంత్రము చక్కగా గ్రహించును. కాని స్నానమును 'లాల' యనియు, అన్నమును 'బువ్వ' యనియు బిడ్డతో పలుకు పలుకులు పటమున పడవు. గోండి భాషకు సన్నిహితమగు కోయభాష తెలుగుతో కలియు తావులలో ఈ పలుకుల విలువ మఱింత హెచ్చు. తల్లి బిడ్డతో ఏ భాషలో మాటాడునో, ఏ భాషలో జోకొట్టునో గుర్తించినగాని ఆ యింట నిలుచు భాష ఏదియో తేలదు.

కావున పరిశోధకుడు ముందుగా తల్లి యనుమతి నడుగవలెను. వలదన్నచో యంత్రమును మూయవలెను. సాధ్యమైనంతవఱకు స్త్రీలే ఈ పనికి పూనుకొనుట మేలు. చిత్రముతోపాటు ధ్వనిని, వేళను, చోటును నమోదుచేసి, ఆ చిత్రమును ఆ తల్లికే చూపి, ఆమె చెప్పు అర్థమును ఆమె మాటలలోనే వ్రాసికొనవలెను. పురుడు ఇల్లు వీడి ఆసుపత్రికి చేరిన ఈ కాలమున, నీళ్లుపోయు ముసలమ్మల నేర్పును పలుకును వారితోనే అంతరింపకుండ నిలుపుటకు ఇంతకంటె మార్గము లేదు.