తాళం మారింది... దొంగ చూపూ మారింది

వరంగల్: ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు ట్రాక్టరును వరుసలో నిలిపి టీ తాగడానికి వెళతాడు. ఎం.జి.ఎం. ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడవచ్చినవారు మోటారు సైకిలును గేటు బయట ఉంచి లోపలికి పరుగెడతారు. తిరిగి వచ్చేసరికి బండి లేకపోతే ఆ ఇంటికి తగిలే దెబ్బ చిన్నది కాదు. అప్పు చేసి కొన్న బండి పోతుంది కాని, కట్టవలసిన వాయిదాలు పోవు. బండికీ దొంగకూ మధ్య ఉన్నది తాళం ఒక్కటే. ఆ తాళం వందేళ్లలో ఎన్నో మార్పులు చూసింది.

తాళంచెవి లేని జీపు

తొలి రోజుల్లో కారు ముందు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పితే తప్ప ఇంజను కదిలేది కాదు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు కరెంటుతో పనిచేసే సెల్ఫ్ స్టార్టరు అమర్చారు. 1949లో క్రిస్లర్ కంపెనీ తాళంచెవి తిప్పగానే స్టార్టయ్యే పద్ధతి తెచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ జీపుల్లో చాలావాటికి అసలు తాళంచెవే లేదు. స్విచ్ తిప్పితే చాలు. ఆపద సమయంలో సైనికుడు తాళంచెవి కోసం వెతుక్కోవలసిన పని ఉండకూడదన్నది అందులోని ఉద్దేశం.

పాత పెట్రోలు కార్లలో తాళంచెవి చేసే పని వైర్లను కలపడమే. ఆ వైర్లను దొంగ చేత్తో కలిపితే తాళంచెవి అవసరమే ఉండదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చిందే స్టీరింగు లాక్. ఇంజను స్టార్టయినా చక్రం తిరగదు. మోటారు సైకిలుకు ఉండే హ్యాండిల్ లాక్ చేసే పనీ ఇదే.

రెండు దేశాల పాఠం

ఇక్కడ రెండు దేశాల అనుభవం తెలుసుకోదగినది. పశ్చిమ జర్మనీలో 1960ల ఆరంభంలో స్టీరింగు లాక్‌ను తప్పనిసరి చేశారు. కొత్త కార్లతో ఆగకుండా పాత కార్లకు కూడా దానిని పెట్టించారు. కార్ల దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్‌లో 1971 నుంచి కొత్త కార్లకు మాత్రమే పెట్టారు. కొత్త కార్ల దొంగతనాలు తగ్గాయి, కాని దొంగలు లాక్ లేని పాత కార్ల మీద పడ్డారు. పక్కింటి తలుపు గట్టిదైతే దొంగ చూపు మన తలుపు మీద పడుతుందన్నమాట.

తాళంచెవిలో నంబరు

ఆ తర్వాత తాళంచెవిలోకి ఎలక్ట్రానిక్ చిప్ వచ్చింది. బియ్యపు గింజంత ఉండే చిప్‌లో ఒక రహస్య నంబరు ఉంటుంది. తాళంచెవి పెట్టగానే కారులోని చిన్న కంప్యూటరు ఆ నంబరును సరిచూస్తుంది. సరిపోకపోతే ఇంజనును నడవనివ్వదు. ఇనుప తాళంచెవికి అచ్చు గుద్దినట్లు నకలు చేయించినా లాభం లేదు. దీనినే ఇమ్మొబిలైజర్ అంటారు. యూరప్ దేశాల్లో 1998 నుంచి కొత్త కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. నెదర్లాండ్స్‌లో 1995-2008 మధ్య లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు, దీనివల్ల కార్ల దొంగతనాలు సుమారు 40 శాతం తగ్గాయని తేల్చారు.

ఇప్పుడు తాళంచెవి జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే కారు స్టార్టవుతున్నది. ఇందులోనూ చిక్కు లేకపోలేదు. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని యంత్రాలతో కారు దాకా అందించి తలుపు తెరిచే దొంగలు విదేశాల్లో బయలుదేరారు. తాళం ఒక మెట్టు ఎక్కితే దొంగ కూడా ఒక మెట్టు ఎక్కుతున్నాడు.

పల్లె బండికి రక్ష ఏది?

పల్లెల్లో తిరిగే బండ్లలో చాలావాటికి ఈ చిప్‌లు లేవు. ఒకే కంపెనీ ట్రాక్టర్లలో చాలావాటికి ఒకే తాళంచెవి పడుతుంది. అరిగిపోయిన మోటారు సైకిలు తాళం వేరే తాళంచెవికి కూడా లొంగుతుంది. కనుక బ్రిటన్‌లోని పాత కార్ల గతి పట్టకుండా చూసుకోవలసింది ఇలాంటి బండ్ల యజమానులే.

ఇందుకు ఖర్చు పెద్దగా లేదు. హ్యాండిల్ లాక్‌కు తోడు చక్రానికి గొలుసు తాళం వేయాలి. హ్యాండిల్ లాక్‌ను బలం ఉపయోగించి విరగ్గొట్టవచ్చు, కాని రెండో తాళం ఉంటే దొంగకు సమయం పడుతుంది. అతనికి లేనిది ఆ సమయమే. ట్రాక్టరుకు బ్యాటరీ కరెంటును నిలిపివేసే రహస్య స్విచ్ పెట్టించడం మంచిది. మేడారం జాతర వంటి చోట్ల డబ్బు కట్టి అయినా కాపలా ఉన్న స్టాండులోనే బండి నిలపాలి.

థర్డ్ పార్టీ బీమా ఉంటే దొంగతనానికి పరిహారం రాదు. సమగ్ర బీమా ఉన్నవారికి కూడా క్లెయిము సమయంలో కంపెనీలు సాధారణంగా రెండు తాళంచెవులూ అడుగుతాయి. రెండో తాళంచెవిని ఇంట్లో భద్రపరచాలి. బండి పోయిన వెంటనే 112కు ఫోను చేసి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, బీమా కంపెనీకి తెలియజేయాలి.

2019 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే బండ్లకు తీసి మార్చడానికి వీలులేని నంబరు ప్లేటు తప్పనిసరి అయింది. పాత బండి కొనేవారు ఆర్.సి.లోని ఇంజను, చాసిస్ నంబర్లను బండి మీది నంబర్లతో సరిచూసుకోవాలి. కాగితాలు లేకుండా చవకగా అమ్మజూపే బండి దొంగ సొత్తు కావచ్చు. తెలిసి కొన్నవారికీ చట్టం శిక్ష విధిస్తుంది. దొంగిలించిన బండిని కొనేవాడే లేకపోతే, దొంగకు దానితో పనే ఉండదు.