మళ్ళీ నీటిలోకి: వెన్నుపాము గాయం తరువాత ఈత

1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో వికలాంగుల ఒలింపిక్ క్రీడలు జరిగాయి. 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతపోటీలో ఒక భారతీయుడు 37.33 సెకన్లలో గమ్యం చేరి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకం గెలుచుకున్నారు. ఆయన మురళీకాంత్ పేట్కర్. మహారాష్ట్రలో జన్మించిన పేట్కర్ భారత సైన్యంలోని ఇ.ఎం.ఇ. దళంలో జవాను. సికింద్రాబాదు వాసులకు ఆ దళం సుపరిచితమే. బాక్సింగులో ఆరితేరిన ఆ యువకుడికి 1965 నాటి యుద్ధంలో తూటాలు తగిలి, నడుము కింది భాగం చచ్చుబడింది. చికిత్సలో భాగంగా నీటిలోకి దిగిన ఆ మనిషే ఏడేళ్ళ తరువాత భారతదేశానికి పారాలింపిక్స్‌లో తొలి స్వర్ణం తెచ్చిపెట్టారు. 2018లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

కారు ప్రమాదంలోనో, మేడ మీది నుంచి జారిపడో వెన్నుపాము దెబ్బతిన్న వ్యక్తి ఇంట్లో ఉంటే, ఆ కుటుంబం మొదట భయపడేది నీటికే. “కాళ్ళు ఆడని మనిషి ఎలా ఈదుతాడు?” అన్న ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానం కొంత శరీరశాస్త్రంలోను, కొంత భౌతికశాస్త్రంలోను ఉంది.

తెగిన దారి

మెదడు ఆజ్ఞలను అవయవాలకు, అవయవాల స్పర్శను మెదడుకు చేరవేసే రాజమార్గం వెన్నుపాము. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. మెడ భాగంలో గాయమైతే చేతులు, కాళ్ళు రెండూ దెబ్బతింటాయి. అంతకు దిగువన గాయమైతే చేతులు పనిచేస్తాయి, కాళ్ళు పట్టు తప్పుతాయి. గాయం పూర్తిగా ఉందా, కొన్ని తంతువులు మిగిలాయా అన్నదానిని బట్టి ఫలితం మారుతుంది. పూర్తిగా తెగిన తంతువులు వాటంతట అవి తిరిగి అతుక్కోవు. కనుక ఈత వెన్నుపామును బాగుచేసే మందు కాదు. మిగిలిన శక్తిని పెంచే సాధన మాత్రమే.

ఒకప్పుడు ఇటువంటి రోగులు మంచానపడి, ఒరుపు పుండ్లతోను మూత్రకోశ వ్యాధులతోను కన్నుమూసేవారు. జర్మనీ నుంచి ఇంగ్లండుకు శరణార్థిగా వచ్చిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం ప్రారంభించి, ఆటలను చికిత్సలో భాగం చేశారు. 1948లో 16 మందితో జరిగిన విలువిద్య పోటీయే నేటి పారాలింపిక్స్‌కు బీజం.

నీరు చేసే మేలు

నీటిలో మునిగిన వస్తువు బరువు తగ్గినట్లు తోస్తుందని ఆర్కిమిడీస్ ఏనాడో చెప్పాడు. నడుము లోతు నీటిలో శరీరం మోయవలసిన బరువు సుమారు సగానికి తగ్గుతుంది. మెడ లోతులో పదో వంతు మాత్రమే మిగులుతుంది. రోజంతా చక్రాల కుర్చీకి అంటిపెట్టుకున్న దేహానికి ఇది గొప్ప స్వేచ్ఛ. గోరువెచ్చని నీటిలో బిగుసుకున్న కండరాలు చాలామందికి సడలుతాయి. గుండెకు, ఊపిరితిత్తులకు వ్యాయామం లభిస్తుంది. పైగా ఫ్రీస్టైల్ ఈతలో మనిషిని ముందుకు నడిపే శక్తిలో సింహభాగం చేతులదే. కాళ్ళ పాత్ర అందరూ అనుకునేదానికన్నా తక్కువ.

పాత ఈత కాదు, కొత్త ఈత

గాయానికి ముందు చక్కగా ఈదినవారే తరచు ఎక్కువ నిరాశ చెందుతారు. మనసుకు పాత ఈత జ్ఞాపకం ఉంటుంది. శరీరం ఆ మాట వినదు. కాళ్ళు మునిగిపోతాయి, లేదా ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. అందుచేత మొదటి పాఠం ముందుకు సాగడం కాదు. బోర్లా పడినప్పుడు సాయం లేకుండా వెల్లకిలా తిరిగి, ముఖం పైకి తెచ్చుకొని ఊపిరి పీల్చడం. రెండవది వెల్లకిలా తేలడం. తల ఎత్తితే కాళ్ళు మునుగుతాయి, తలను నీటికి అప్పగిస్తే నడుము పైకి లేస్తుంది. తొడల మధ్య తేలుడు దిమ్మె పెట్టుకుంటే సమతూకం సులభమవుతుంది. ఆపైన రెండు చేతులతో నీటిని నెట్టడం, చివరగా బోర్లా ఈత. కుర్చీ తోసే భుజాలే ఇక్కడా పనిచేయాలి కనుక దూరాన్ని నెమ్మదిగా పెంచుకోవడం ఉత్తమం.

మరువరాని జాగ్రత్తలు

వైద్యుని అనుమతి మొదటి మెట్టు. పుండ్లు ఉంటే అవి మానేదాకా నీటిలోకి దిగరాదు. స్పర్శ లేని పాదాలు కొలను అడుగున గీసుకుపోయినా తెలియదు కనుక మేజోళ్ళు తొడగాలి. గట్టు మీద కూర్చునేటప్పుడు కింద మెత్త ఉండాలి. దిగేముందు మూత్రాశయం ఖాళీ చేయాలి. గాయం దిగువన చెమట పట్టడం, వణకడం సరిగా జరగవు కనుక మరీ చల్లని, మరీ వేడి నీరు రెండూ హానికరమే. ఛాతీ మధ్యభాగంలోగాని అంతకు పైన గాని గాయమైన వారికి రక్తపోటు హఠాత్తుగా పెరిగే ప్రమాదం ఉంది. తీవ్రమైన తలనొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగాన చెమట దాని గుర్తులు. వెంటనే బయటకు తెచ్చి నిటారుగా కూర్చోబెట్టాలి. బిగుతు దుస్తులు వదులు చేసి, మూత్రాశయం నిండిందేమో చూసి, వైద్యసహాయం పిలవాలి. ఎవరూ ఒంటరిగా ఈదరాదు.

అమెరికాలో నివసించే కుటుంబాలకు చట్టం కూడా అండగా ఉంది. వికలాంగుల హక్కుల చట్టం కింద 2010లో వెలువడిన ప్రమాణాల ప్రకారం, కొత్తగా కట్టే ప్రజోపయోగ ఈతకొలనులలో పెద్దవాటికి కనీసం రెండు సులభ ప్రవేశమార్గాలు ఉండాలి. వాటిలో ఒకటి లిఫ్టు గాని, వాలుదారి గాని కావాలి. స్థానిక కొలనులో ఇటువంటి ఏర్పాటు ఉన్నదేమో అడగడానికి సంకోచం అక్కరలేదు.

ఇంకొక మాట పిల్లలున్న ఇళ్ళకు. లోతు తెలియని నీటిలోకి తలకిందులుగా దూకడం మెడ విరగడానికి ఒక ముఖ్య కారణం. కాళ్ళు ముందుగా దిగడమన్న ఒక్క అలవాటు జీవితాంతపు దుఃఖాన్ని తప్పించగలదు.

గాయపడినవారిని ప్రేమతో నీటికి దూరంగా ఉంచే కుటుంబాలు ఎన్నో. “ఈదగలడా?” అన్న ప్రశ్న స్థానంలో “ఎంత సాయంతో, ఏ విధంగా ఈదగలడు?” అన్న ప్రశ్న వేసుకున్ననాడు, ఆ ప్రేమే వారికి కొలను గట్టు మీద చేయూత కాగలదు.